పిల్లలతో ఇంట్లో ఏ భాష మాట్లాడాలి: ఐదు పద్ధతుల పోలిక

రెండు భాషలు నడిచే కుటుంబంలో బిడ్డ పుట్టినప్పుడు, ఆ బిడ్డతో ఎవరు ఏ భాషలో మాట్లాడాలన్నది ఎవరో ఒకరు తేల్చవలసిన విషయమే అయినా, చాలా ఇళ్లలో దాన్ని ఎవరూ పైకి ఎత్తరు. అలవాటు కొద్దీ ఒక తీరు దానంతటదే స్థిరపడుతుంది. మూడు నాలుగేళ్ల తరవాత, ఇంట్లో ఏది అడిగినా బిడ్డ బడి భాషలోనే జవాబు చెప్పడం మొదలుపెట్టినప్పుడు గానీ, నిర్ణయం ఎప్పుడో జరిగిపోయిందన్న సంగతి తల్లిదండ్రులకు తట్టదు. ఆ నిర్ణయాన్ని తెలిసి తీసుకోవాలనుకునేవారి కోసం ఈ పోలిక. తల్లిదండ్రుల భాషలు వేరువేరైన ఇళ్లకూ, ఇద్దరిదీ ఒకే భాష అయి బడి భాష వేరైన ఇళ్లకూ, తమకు చదువు ద్వారా వచ్చిన భాషలో బిడ్డను పెంచాలని ఆలోచిస్తున్నవారికీ ఇది వర్తిస్తుంది.

ఈ వ్యాసంలో ఇంటి భాష అంటే కుటుంబంలోనూ, కొద్దిమంది బంధుమిత్రుల మధ్యా మాత్రమే వినబడే భాష. బయటి భాష అంటే బడిలో, ఆటస్థలంలో, టీవీలో, వీధిలో అంతటా వినబడే భాష.

## పద్ధతిని ఎంచుకునే ముందు చూడవలసినవి

పద్ధతుల పేర్ల మీద జరిగే చర్చ, ఆ పద్ధతి బిడ్డకు నిజంగా ఏం అందిస్తుందన్నదాని మీద జరగదు. నా అంచనాలో చూడవలసినవి నాలుగు: గంటలు, అవసరం, మనుషులు, మన ఓపిక.

మొదటిది గంటలు. ఒక భాషను బిడ్డ ఎంతసేపు వింటుందన్నదాన్ని బట్టి ఆ భాషలో పదసంపద పెరుగుతుందని ఈ రంగంలో దాదాపు అందరూ ఒప్పుకుంటారు. స్పానిష్, ఇంగ్లీషు కలిసి వింటూ పెరిగే పిల్లలను పరిశీలించిన బార్బరా పియర్సన్ బృందం 1997లో ప్రచురించిన ఫలితాల్లో, వినే సమయంలో సుమారు 20 శాతానికి తక్కువగా అందిన భాషను మాట్లాడటానికి పిల్లలు పెద్దగా ముందుకు రాలేదు. అది కొద్దిమంది పిల్లల మీద చేసిన పరిశీలన కాబట్టి దాన్ని గీత గీసినట్టు తీసుకోకూడదు గానీ, లెక్క వేసుకోవడానికి పనికొస్తుంది. రెండేళ్ల బిడ్డ రోజుకు 12 గంటలు మెలకువగా ఉంటుందనుకుంటే వారానికి 84 గంటలు. అందులో 20 శాతం అంటే సుమారు 17 గంటలు. ఇంటి భాష మాట్లాడేది తండ్రి ఒక్కడే అనుకుందాం. పనిరోజుల్లో సాయంత్రం రెండేసి గంటల చొప్పున 10, సెలవు రోజులు రెండింటిలో ఆరేసి గంటల చొప్పున 12, మొత్తం 22 గంటలు. కాగితం మీద లెక్క సరిపోయింది. అయితే ఆ 22 గంటల్లో తల్లి కూడా పక్కనే ఉండి తన భాషలో మాట్లాడుతుంది, మధ్యలో ఫోన్ మోగుతుంది, అతిథులు వస్తారు, బిడ్డ తన ఆటలో తాను ఉంటుంది. మిగిలేది సగం కూడా ఉండకపోవచ్చు. ఏ పద్ధతి గురించి ఆలోచిస్తున్నా, మీ ఇంటి మామూలు వారాన్ని ఇలా ఒకసారి కాగితం మీద పెట్టి చూడండి. చాలా సందేహాలు అక్కడే తేలిపోతాయి.

రెండోది అవసరం. ఆ భాష రాకపోతే బిడ్డకు ఏ పని ఆగిపోతుంది? ఎదుటివారికి రెండు భాషలూ వచ్చని పిల్లలు చాలా తొందరగా పసిగడతారు. పసిగట్టాక తమకు సులువైనదే ఎంచుకుంటారు. ఒక్క భాష మాత్రమే వచ్చిన అమ్మమ్మ గానీ, తాతయ్య గానీ ఇంట్లో ఉంటే ఆ భాషకు దొరికే బలం, రెండూ వచ్చిన తల్లిదండ్రులు ఎంత పట్టుబట్టినా దొరకడం కష్టం.

మూడోది మనుషులు. ఒకే వ్యక్తి నుంచి వినే భాషకంటే నలుగురి నోట వినే భాషలో పదాలు ఎక్కువగా నిలుస్తాయని, ఆ భాషలోనే పెరిగినవారి మాటలు వినడం వల్ల ప్రయోజనం ఎక్కువని సిల్వియా ప్లేస్, ఎరికా హాఫ్ 2011లో ప్రచురించిన అధ్యయనం చూపింది. మనిషికి బదులు తెర పనిచేస్తుందా అన్న ప్రశ్నకు పట్రీషియా కూల్ బృందం 2003లో ఒక జవాబు ఇచ్చింది. ఇంగ్లీషు వింటూ పెరుగుతున్న తొమ్మిది నెలల పిల్లలకు 12 విడతలుగా చైనా వారి మాండరిన్ భాష వినిపిస్తే, ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడిన మనిషి నుంచి విన్న పిల్లలు ఆ భాషలోని ధ్వని భేదాన్ని గుర్తుపట్టారు. అవే మాటలను వీడియోలో చూసినవారు, కేవలం శబ్దంగా విన్నవారు గుర్తుపట్టలేదు. కార్టూన్లు పెట్టి భాష నేర్పవచ్చనుకునే తల్లిదండ్రులు, కనీసం మొదటి రెండేళ్ల విషయంలో, ఆ ఆశ వదులుకోవడం మంచిది.

నాలుగోది మన ఓపిక. బిడ్డను లాలించడానికి, కోప్పడటానికి, కథ చెప్పడానికి, పన్నెండేళ్ల వయసులో వచ్చే ఇబ్బందికరమైన ప్రశ్నకు జవాబు చెప్పడానికి మనకు ఏ భాషలో మాట తడుముకోకుండా వస్తుంది? అలసిపోయిన సాయంత్రం కూడా నోటికి వచ్చే భాష ఏది? పద్ధతి ఎంత గొప్పదైనా ఆరు నెలలకే వదిలేస్తే దానివల్ల బిడ్డకు దక్కేది ఆ ఆరు నెలల భాషే.

## పక్కన పెట్టవలసిన ఒక భయం

రెండు భాషలు ఒకేసారి వింటే బిడ్డ అయోమయపడుతుందని, మాటలు ఆలస్యమవుతాయని పెద్దవాళ్లు చెబుతుంటారు. కొన్నిచోట్ల ఉపాధ్యాయులు, వైద్యులు కూడా చెబుతుంటారు. ఈ మాట నమ్మి ఇంటి భాష మానేసిన కుటుంబాలు లెక్కలేనన్ని. రెండేళ్ల పిల్లలు కూడా ఎదుటి మనిషిని బట్టి భాష మార్చుకోగలరని ఫ్రెడ్ జెనీసీ, సహ పరిశోధకులు 1995లో చూపించారు. ఒక్కో భాషలో విడిగా లెక్కిస్తే ద్విభాషా పిల్లల పదాలు తక్కువగా కనిపించే మాట నిజమే, ఎందుకంటే వాళ్ల రోజు రెండు భాషల మధ్య పంచుకోబడింది. రెండింటినీ కలిపి లెక్కిస్తే ఆ తేడా చాలావరకు మాయమవుతుంది. అందుచేత మీ బిడ్డకు ఎన్ని మాటలు వచ్చో ఎవరైనా అడిగితే రెండు భాషల మాటలనూ కలిపి చెప్పండి.

అసలైన భాషా వికాస లోపం ఏ భాషా కుటుంబంలోనైనా, సుమారు ఏడు శాతం పిల్లల్లో ఉంటుంది. అది ఉంటే రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. ఏడాది నిండినా ముద్దుపలుకులు లేకపోయినా, 16 నెలలకు ఏ భాషలోనూ ఒక్క మాట కూడా రాకపోయినా, రెండేళ్లకు రెండేసి మాటలు కలిపి అనకపోయినా వినికిడి పరీక్ష చేయించి, స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి. అలాంటి పిల్లల విషయంలో కూడా ఒక భాష మానేయడం చికిత్స కాదు.

ఎక్కువ భాషలు వస్తే తెలివి పెరుగుతుందన్న ప్రచారాన్ని కూడా ఇదే చోట కాస్త పక్కన పెట్టడం న్యాయం. ఏకాగ్రత, మనోనిగ్రహం లాంటి శక్తుల్లో ద్విభాషా పిల్లలు ముందుంటారన్న వాదన మీద పరిశోధకుల మధ్య ఇంకా తగువు నడుస్తూనే ఉంది. ఇంటి భాషను నిలబెట్టుకోవడానికి ఆ ఆశ అక్కర్లేదు. బిడ్డ తన తాతతో మాట్లాడగలగడం చాలినంత కారణం.

## ఒక పెద్ద సర్వే ఏం చెప్పింది

బెల్జియంలో డచ్చి భాష మాట్లాడే ఫ్లాండర్స్ ప్రాంతంలో, ఇంట్లో మరో భాష కూడా వినబడే 1,899 కుటుంబాల వివరాలను అనిక్ డి హౌవర్ 2007లో ప్రచురించారు. తల్లిదండ్రులు ఇంట్లో ఏ భాషలు వాడుతున్నారు, పిల్లలు ఇంటి భాష మాట్లాడుతున్నారా లేదా అన్నది ఆమె పోల్చి చూశారు. ఫలితాలను దగ్గరి పూర్ణాంకానికి సవరించి ఇక్కడ ఇస్తున్నాను.

| తల్లిదండ్రులు ఇంట్లో మాట్లాడే తీరు | పిల్లలు ఇంటి భాష మాట్లాడిన కుటుంబాలు |
|---|---|
| ఇద్దరూ ఇంటి భాష మాత్రమే | 97 శాతం |
| ఒకరు ఇంటి భాష, మరొకరు రెండూ | 93 శాతం |
| ఇద్దరూ రెండు భాషలూ | 79 శాతం |
| ఒకరు ఇంటి భాష, మరొకరు బయటి భాష | 74 శాతం |
| ఒకరు బయటి భాష, మరొకరు రెండూ | 36 శాతం |

ఈ పట్టికను పైనుంచి కిందికి చదివితే, ఇంట్లోకి బయటి భాష ఎంత ఎక్కువగా వస్తే పిల్లల నోట ఇంటి భాష అంత తగ్గుతున్నట్టు కనబడుతుంది. అందరూ ఎక్కువగా సిఫారసు చేసే 'ఒకరికి ఒక భాష' పద్ధతి నాలుగో వరసలో ఉంది. క్రమశిక్షణ లేదని అందరూ పెదవి విరిచే 'ఇద్దరూ రెండూ' పద్ధతి దానికంటే ఒక మెట్టు పైనే ఉంది. పిల్లలు ఆ భాష మాట్లాడుతున్నారా అన్నదే ఈ సర్వే అడిగింది, ఎంత బాగా మాట్లాడుతున్నారన్నది కాదు. పైగా ఇవి కుటుంబాలు తమ గురించి తాము చెప్పుకున్న వివరాలు. ఈ రెండు పరిమితులనూ గుర్తుంచుకుని కిందివి చదవండి.

## ఒకటో పద్ధతి: ఒకరికి ఒక భాష

తల్లి ఒక భాష, తండ్రి మరో భాష. ఎవరి భాష వాళ్లు వదలకూడదు. ఫ్రెంచి భాషావేత్త గ్రామోన్ ఇచ్చిన సలహా మేరకు జూల్ రోంజా అనే మరో పండితుడు తన కొడుకు లూయీని ఇలా పెంచి, ఆ అనుభవాన్ని 1913లో పుస్తకంగా వేశాడు. తండ్రిది ఫ్రెంచి, తల్లిది జర్మన్. పిల్లవాడికి రెండూ చక్కగా వచ్చాయి. ఈ పద్ధతికి ఉన్న కీర్తికి పునాది అదే. తరవాత కొన్నేళ్లకు అమెరికాలో వెర్నర్ లియోపోల్డ్ తన కూతురు హిల్డెగార్డ్‌తో తాను మాత్రం జర్మన్ మాట్లాడుతూ, ఆమె ఎదుగుదలను 1939 నుంచి 1949 వరకు నాలుగు సంపుటాలుగా ప్రచురించాడు. తల్లి ఇంగ్లీషే మాట్లాడేది, బయటంతా ఇంగ్లీషే. ఆ అమ్మాయికి ఇంగ్లీషు బలమైన భాష అయింది, జర్మన్ వెనకబడింది. ఐదేళ్ల వయసులో కొన్ని నెలలు జర్మనీలో గడిపినప్పుడు మాత్రం ఆ జర్మన్ గబగబా పుంజుకుంది. పద్ధతి రెండు ఇళ్లలోనూ ఒక్కటే, తండ్రులిద్దరూ భాషావేత్తలే. తేడా వచ్చింది చుట్టూ ఉన్న మనుషుల దగ్గర.

ఈ పద్ధతిలో ఉన్న పెద్ద సుగుణం, ప్రతి ఒక్కరూ తమకు సహజమైన భాషలో బిడ్డతో మాట్లాడగలగడం. ఇబ్బంది ఏమిటంటే ఇంటి భాష బరువంతా ఒక్క మనిషి మీద పడుతుంది. ఆ మనిషి ఊరు వెళ్లినా, జబ్బు పడినా, పనిలో మునిగినా భాష ఆగిపోతుంది. భోజనాల దగ్గర ముగ్గురూ కలిసినప్పుడు ఏ భాష అన్నది రోజూ వచ్చే చిక్కు. రెండో వ్యక్తికి ఇంటి భాష కనీసం అర్థమైనా కాకపోతే ఒకరు ఎప్పుడూ సంభాషణకు బయటే ఉండిపోతారు, లేదా ఇంటి భాష మాట్లాడే మనిషే మెల్లగా లొంగిపోతారు. రెండోదే ఎక్కువగా జరుగుతుంది. పట్టికలోని చివరి వరస అలా లొంగిపోయిన ఇళ్లదే అని నా అనుమానం.

అందుకని ఈ పద్ధతిని ఎంచుకునేవారు ఇద్దరిలో ఇంటి భాష రానివారు దాన్ని అర్థం చేసుకునేంతవరకైనా నేర్చుకుంటారా లేదా అన్నది ముందే మాట్లాడుకోవాలి. బిడ్డతోపాటు నేర్చుకోవడం అంత కష్టమేమీ కాదు. మొదటి రెండేళ్లలో ఇంట్లో వినబడే మాటలన్నీ తినడం, పడుకోవడం, స్నానం, ఆటల చుట్టూ తిరిగేవే కదా.

## రెండో పద్ధతి: ఇంట్లో ఇంటి భాష మాత్రమే

గడప లోపల అందరూ ఇంటి భాషే మాట్లాడతారు. బయటి భాషను బయటి ప్రపంచానికి వదిలేస్తారు. గంటల లెక్కలోనూ, అవసరం లెక్కలోనూ దీనికి సాటి మరొకటి లేదు. ఇద్దరికీ ఆ భాష ధారాళంగా వచ్చిన ఇంట్లో, ఇంకే ప్రత్యేక కారణమూ లేకపోతే, నేను మొదట సూచించేది ఇదే.

దీనికి అడ్డు వచ్చేది దాదాపు ఎప్పుడూ ఒకే భయం: బడిలో చేరేసరికి బిడ్డకు బయటి భాష రాదు, వెనకబడిపోతుంది అని. ఈ భయంలో కొంత నిజం ఉంది. మొదటి నెలల్లో బిడ్డ మౌనంగా ఉండవచ్చు, ఏడవవచ్చు, ఉపాధ్యాయులు పిలిచి మాట్లాడవచ్చు. జిమ్ కమిన్స్ పరిశీలనల ప్రకారం కొత్త భాషలో మామూలు మాటలకు సుమారు రెండేళ్లు, చదువుకు కావలసిన లోతైన భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఈ రెండో అంకె చూసి కంగారుపడి ఇంటి భాష మానేసేవారు ఒక సంగతి గమనించాలి: ఇంటి భాషలో అలవడిన కథనశక్తి, కారణం చెప్పే నేర్పు, చదివే అలవాటు కొత్త భాషలోకి కూడా వెంట వస్తాయన్నది కూడా ఆయన చెప్పినదే. కొద్దిగా ముందుగానే, బడికి ఏడాది ముందు నుంచి, ఆ భాష మాట్లాడే పిల్లలతో వారానికి కొన్ని పూటలు ఆడుకోనిస్తే మొదటి నెలల మౌనం తగ్గుతుంది. తల్లిదండ్రులే ఇంట్లో భాష మార్చుకోవలసిన పని లేదు.

ఇక్కడ రెండో బిడ్డ సంగతి విడిగా చెప్పాలి. పెద్ద బిడ్డ బడి నుంచి బయటి భాషను ఇంటికి తెస్తుంది. పిల్లలిద్దరూ ఆడుకునే భాష అదే అవుతుంది. చిన్న బిడ్డకు పెద్ద బిడ్డకు అందినంత ఇంటి భాష అందదు. తల్లిదండ్రులు తమ పద్ధతిలో ఏమీ మార్చకపోయినా ఇంటి భాషల లెక్క మారిపోతుంది. పిల్లలిద్దరి మధ్య భాషను ఆజ్ఞతో మార్చడం జరిగే పని కాదు గానీ, చిన్నవాళ్లకు కథ చదివి వినిపించే పనిని పెద్దవాళ్లకు ఇంటి భాషలో అప్పగిస్తే కొంతవరకు కాపు ఉంటుంది.

## మూడో పద్ధతి: ఇద్దరూ రెండూ

ప్రపంచంలో అనేక భాషలు కలిసి నడిచే సమాజాల్లో అత్యధికంగా ఉన్న తీరు బహుశా ఇదే. ఎవరూ నియమం పెట్టుకోరు. వాక్యం ఒక భాషలో మొదలై మరో భాషలో ముగుస్తుంది. పుస్తకాలు దీన్ని తప్పుగా చూపించిన కాలం ఒకటి ఉండేది. తల్లిదండ్రులు భాషలు ఎక్కువగా కలిపే ఇళ్లలో ఏడాదిన్నర పిల్లలకు అర్థమయ్యే పదాలు తక్కువగా ఉన్నాయని క్రిస్టా బయర్స్ హైన్‌లైన్ 2013లో చూపించారు. అదే ప్రశ్న వేసుకున్న మరికొన్ని అధ్యయనాలకు అలాంటి నష్టం కనిపించలేదు. కాబట్టి మాటల కలయిక వల్ల హాని జరుగుతుందని గట్టిగా చెప్పడానికి ఆధారం చాలదు.

దీనితో అసలు ప్రమాదం వేరే ఉంది. చుట్టూ ఉన్నవారంతా కూడా రెండూ కలిపి మాట్లాడే సమాజంలో ఈ పద్ధతి తరాల తరబడి నిలుస్తుంది. ఇంటి భాష మీ ఒక్క ఇంటికే పరిమితమైన చోట మాత్రం, వాటా ఎంతో ఎవరూ లెక్కపెట్టకపోవడం వల్ల, నెలనెలా బయటి భాష వైపు జరిగిపోతూ ఉంటుంది. మొదట నామవాచకాలు, తరవాత క్రియలు, ఆపైన మొత్తం సంభాషణ. సహజంగా ఇలా మాట్లాడేవారు బలవంతంగా మరో పద్ధతికి మారనక్కర్లేదు. వారంలో ఒకసారి, రోజంతా ఏ భాష ఎంత వినబడిందో గమనించుకుంటే చాలు.

## నాలుగో పద్ధతి: సమయం, చోటు

శని, ఆదివారాలు ఒక భాష, మిగిలిన రోజులు మరొకటి. లేదా భోజనాల దగ్గర ఒకటి, ఆటల దగ్గర మరొకటి. ఇద్దరిదీ ఒకే ఇంటి భాష అయిన తల్లిదండ్రులకూ, బిడ్డను ఒంటరిగా పెంచేవారికీ ఇది అక్కరకొస్తుంది. చిన్నపిల్లలకు వారం లెక్క తెలియదు, మనుషులూ పనులూ తెలుస్తాయి. అందుకే రోజుల్ని బట్టి విభజించడం కంటే పనుల్ని బట్టి విభజించడం ఎక్కువ కాలం నిలుస్తుంది. పడుకునే ముందు కథ ఎప్పుడూ ఇంటి భాషలోనే అనుకుంటే, ఆ నియమాన్ని కొన్నాళ్లకు బిడ్డే కాపాడుతుంది. దీన్ని ఒంటరిగా నమ్ముకుంటే గంటలు చాలవు. ఇతర పద్ధతులకు తోడుగా బాగా పనిచేస్తుంది.

## ఐదో పద్ధతి: బయటి భాషకే మారిపోవడం

రెండు రకాల ఇళ్లు ఈ దారి పడతాయి. కొందరికి నిజంగానే బయటి భాష తమ సొంత భాషంత సహజంగా వస్తుంది. వాళ్లు తీసుకుంటున్నది ఒక ఎంపిక, దాని ఖరీదు తెలిసి తీసుకుంటే ఎవరూ కాదనలేరు. మరికొందరు చదువులో నేర్చుకున్న భాషలో, మాటలు వెతుక్కుంటూ, బిడ్డ మేలు కోరి మాట్లాడతారు. ఈ రెండో రకంవారికే నేను వద్దని చెబుతాను. బడిలో బిడ్డకు ఆ భాష ఎలాగూ వస్తుంది, మనకంటే బాగా వస్తుంది. ఇంట్లో పోయేది మాత్రం వేళాకోళం, సామెత, బుజ్జగింపు, పొడుగాటి వాదన. బిడ్డ పద్నాలుగేళ్లదై తన బాధ చెప్పుకోవాలనుకున్నప్పుడు తల్లికి ఆ భాషలో 'తిను, చదువు, పడుకో' అన్న మాటలే వచ్చి ఉంటే, ఆ లోటును ఏ మార్కులూ పూడ్చవు.

చిన్నప్పుడు బాగా మాట్లాడారు కదా, ఎక్కడికి పోతుందిలే అన్న ధీమా కూడా పనికిరాదు. మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసులో కొరియా నుంచి ఫ్రాన్సుకు దత్తత వెళ్లినవారిని పెద్దయ్యాక పరీక్షించిన క్రిస్టోఫ్ పాలియే బృందం, వాళ్లు కొరియన్ వాక్యాలను గుర్తుపట్టలేకపోవడాన్ని 2003లో ప్రచురించింది. ఆ తరవాత వచ్చిన మరికొన్ని అధ్యయనాల్లో తొలి భాష తాలూకు జాడలు మెదడులో ఎక్కడో మిగులుతాయని తేలింది గానీ, జాడతో సంభాషణ నడవదు.

## ఒకే చూపులో

| పద్ధతి | ఇంటి భాషకు దక్కే గంటలు | అవసరం | తల్లిదండ్రుల మీద భారం |
|---|---|---|---|
| ఒకరికి ఒక భాష | ఆ ఒక్కరి సమయాన్ని బట్టి | మధ్యస్థం | ఒకరి మీదే ఎక్కువ |
| ఇంట్లో ఇంటి భాషే | అన్నిటికంటే ఎక్కువ | బలమైనది | బడి మొదటి నెలల్లో ఎక్కువ |
| ఇద్దరూ రెండూ | ఎవరూ లెక్కపెట్టరు | తక్కువ | తక్కువ, కానీ గమనింపు కావాలి |
| సమయం, చోటు | తక్కువ | ఆ పనికే పరిమితం | నియమం నిలబెట్టడం |
| బయటి భాషకే మారడం | దాదాపు లేవు | లేదు | ఇప్పుడు తక్కువ, తరవాత ఎక్కువ |

## ఎవరి ఇంటికి ఏది

ఇద్దరికీ ఇంటి భాష వచ్చి, బయట అది వినబడని చోట ఉన్నవారు రెండో పద్ధతిని ఎంచుకుని, బడి మొదటి ఏడాది వచ్చే ఒత్తిడికి ముందే సిద్ధపడాలి. తల్లిదండ్రుల భాషలు వేరై, ఇంటి భాష మాట్లాడే మనిషి రోజంతా బిడ్డ దగ్గర ఉంటే ఒకరికి ఒక భాష బాగా నడుస్తుంది. ఆ మనిషి రోజంతా పనిలో ఉంటే ఈ పద్ధతి ఒక్కటే చాలదు. ఆ భాష మాట్లాడే తాతయ్యో, నానమ్మో, ఆయానో, వారానికి రెండు మూడు పూటలు కలిసే మరో కుటుంబమో తోడు కావాలి. ఇద్దరివీ వేరువేరు భాషలై, బయటిది మూడో భాష అయిన ఇంట్లో ఎవరి భాష వాళ్లు మాట్లాడుకుంటూ మూడోదాన్ని బయటికి వదిలేయడమే మేలు. తమలో తాము మాట్లాడుకోవడానికి ఆ మూడో భాష వాడుకుంటున్న దంపతులు మాత్రం, బిడ్డ దాన్ని కూడా వింటోందని గుర్తుంచుకోవాలి. బిడ్డకు భాషా వికాస లోపం ఉందని తేలిన ఇంట్లో, పెంచేవారికి ఏ భాష ధారాళమో అదే ముందు. చికిత్స బయటి భాషలో జరుగుతున్నా ఇంట్లో చేయవలసిన అభ్యాసాలను ఇంటి భాషలో ఎలా చేయాలో థెరపిస్టును అడిగి తెలుసుకోవచ్చు.

## బిడ్డ బయటి భాషలో జవాబు చెబుతుంటే

ఏ పద్ధతి ఎంచుకున్నా ఏదో ఒక రోజు ఇది ఎదురవుతుంది. అప్పుడు పెద్దవాళ్లు ఇచ్చే జవాబులను నార్వేలో పరిశోధించిన ఎలిజబెత్ లాంజా ఐదు రకాలుగా వర్గీకరించారు. బిడ్డ నీళ్లు కావాలని బయటి భాషలో అడిగిందనుకోండి. "ఏమన్నావు? నాకు అర్థం కాలేదు" అనడం మొదటి రకం. "నీళ్లా? నీళ్లు కావాలా నీకు?" అని ఊహించి అడగడం రెండోది. "నీళ్లు. ఇదిగో నీళ్లు" అంటూ అదే మాటను ఇంటి భాషలో తిరిగి అనడం మూడోది. ఏమీ అనకుండా నీళ్లు ఇచ్చేసి తన మాట తాను కొనసాగించడం నాలుగోది. తానే బయటి భాషలోకి మారిపోవడం ఐదోది. పైనుంచి కిందికి వచ్చేకొద్దీ, ఇంటి భాష మాట్లాడవలసిన అవసరం బిడ్డకు సడలిపోతుంది.

మొదటి రకాన్ని అస్తమానం వాడటం నాకు నచ్చదు. బడిలో ఎవరో కొట్టారని ఏడుస్తూ వచ్చిన బిడ్డతో అర్థం కాలేదనడం క్రూరత్వం. పైగా మనకు అర్థమైందని బిడ్డకు తెలుసు. మామూలు సందర్భాల్లో రెండో రకం, తొందరలో ఉన్నప్పుడు మూడో రకం, బిడ్డ మనసు బాగాలేనప్పుడు నాలుగో రకం, ఇలా సందర్భాన్ని చూసి వాడుకోవచ్చు. ఐదో రకాన్ని మాత్రం అలవాటు కానివ్వకూడదు. బిడ్డ ఏ భాషలో మాట్లాడినా మన వైపు నుంచి ఇంటి భాష ఆగకుండా ఉన్నంతకాలం కనీసం అర్థం చేసుకునే శక్తి నిలుస్తుంది, ఆ శక్తి ఉన్న బిడ్డ అవసరం పడిన రోజున నోరు విప్పే అవకాశం ఉంటుంది.

ఇప్పటికే బయటి భాష స్థిరపడిపోయిన ఇంట్లో ఒక్కసారిగా నియమం మార్చితే పిల్లలు ఎదురుతిరుగుతారు, ఆరేడేళ్లు దాటినవారైతే మరీను. ఒక పనితో మొదలుపెట్టండి: రాత్రి కథ గానీ, సాయంత్రపు నడక గానీ, తాతయ్యతో వీడియో కాల్ గానీ. అది రెండు మూడు నెలలు నిలిచాక మరో పనికి విస్తరించండి. ఇంటి భాషలో చదవడం, రాయడం కూడా ఈ దశలోనే మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే బడి వయసు దాటేకొద్దీ కొత్త పదాలు సంభాషణలో కంటే పుస్తకాల్లోనే ఎక్కువగా దొరుకుతాయి. సెలవుల్లో ఆ భాష తప్ప మరొకటి రాని తోటిపిల్లల మధ్య మూడు నాలుగు వారాలు గడిపే వీలుంటే, మిగిలిన ఖర్చులు తగ్గించుకునైనా దానికి డబ్బు కేటాయించడం మేలని నా సలహా. తల్లిదండ్రులు ఏడాది పొడవునా బతిమాలినా రాని అవసరం, ఆట మధ్యలో తన వంతు కోసం దెబ్బలాడుకోవలసి వచ్చినప్పుడు బిడ్డకు మొదటి రోజే వస్తుంది.